లండన్ గీత

మొన్నొక మధ్యాహ్నం సంగటి తిని, కాసేపు నడుం వాలుద్దామని మంచం ఎక్కానో లేదో ఫోను మోగింది. పులివెందులలో ఇంగ్లీషు టీచరుగా రిటైరయ్యాక ఆ వేళప్పుడు నాకు ఫోను చేసేది రెండే రకాల మనుషులు. ఒకరు లోను కావాలా అని అడిగేవాళ్ళు, రెండోవాళ్ళు మనవడి హోంవర్కుకు స్పెల్లింగు అడిగేవాళ్ళు. ఈసారి ఆ రెండు రకాలూ కాదు. ప్రొద్దుటూరులో నేను చదువుకున్న కాన్వెంటు కరస్పాండెంటు సారు కొడుకు. సారు పోయి చాలా కాలమైంది. బడి కూడా మూతపడింది. "మేడమ్, రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మన గేటు మీద ఆర్చీ రేపు కొట్టేస్తారు. మీ నాన్నగారు రాసిన బోర్డు ఇంకా దాని మీదే ఉంది. పాత ఇనుముకు వెయ్యాలంటే నాకు చెయ్యి రావడం లేదు, మీకు కావాలా?" అన్నాడు. నిద్ర ఎగిరిపోయింది. "ముట్టుకోవద్దు, నేను వస్తున్నా" అని అరిచాను. ఎందుకు అరిచానో ఆయనకు అర్థమై ఉండదు. మర్నాడు తెల్లారి మొదటి బస్సుకే ముద్దనూరు మీదుగా బయల్దేరాను. దారి పొడుగునా నాలో నేను నవ్వుకుంటూ కూర్చుంటే పక్క సీటామె కొంచెం అవతలికి జరిగింది.

మా నాయన దస్తగిరి బోర్డులు రాసేవాడు. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళు, బట్టల అంగళ్ళు, వడ్ల మండీలు ఎన్ని ఉన్నా, వాటి నెత్తిన కూర్చున్న అక్షరాల్లో చాలా వరకు మా మిద్దె మీద పుట్టినవే. మాది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో మేము, ఇంకో గదిలో రంగు డబ్బాలు. మా అమ్మ బొరుగులతో చేసే ఉగ్గానిలో ఎంత తిరగమోత వేసినా ఎక్కడో ఒక మూల టర్పెంటైను వాసన తగిలేది. మా జేజి, అంటే నాయన తల్లి, బోర్డులు ఆరేస్తే వాటి వెనకవైపు మిరపకాయలు ఎండబెట్టేది. బోర్డు ముందువైపు సేట్ల పేర్లు, వెనకవైపు మా జేజి మిరపకాయలు. ఒకసారి ఒక సేటు బోర్డు మోసుకుపోతూ దారంతా తుమ్ముతూనే ఉన్నాడు.

నాయనకు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. ఇంగ్లీషు మాత్రం ఒక్క ముక్క రాదు. రాదంటే చదవడం రాదు; రాయడంలో మాత్రం ఆయన్ని మించినవాడు ఊళ్ళో లేడు. ఆయన దృష్టిలో అవి అక్షరాలు కావు, బొమ్మలు. ఎస్సును పాము అనేవాడు. హెచ్చు నిచ్చెన, క్యూ తోక సున్నా. "పామును ఈ పక్కకు తిప్పితే సొగసుగా ఉంటాది గానీ, వాళ్ళు ఆ పక్కకే తిప్పినారు, మనకెందుకులే" అనేవాడు. ఆయనకు ఒకటే నియమం. బోర్డు రాయించుకునే పార్టీ చీటీలో ఏది రాసిస్తే బోర్డు మీద అదే ఉండాలి, ఒక్క గీత ఎక్కువా కాదు, తక్కువా కాదు. రాసిచ్చినవాడు చదువుకున్నవాడు, వానికి తెలుసు, మనకు తెలీదు. ఈ నమ్మకం ఎంత గట్టిదంటే, ఒక బట్టల అంగడి చీటీ మీద ఈగ రెట్ట వేసి పోతే, ఆ చుక్కను కూడా కొలత పెట్టి ఎర్రరంగుతో గుండ్రంగా దించాడు. అంగడాయన అది చూసి ఏదో పెద్ద డిగ్రీ మాదిరి ఉందని తెగ మురిసిపోయాడు.

అలాంటి రోజుల్లో జమ్మలమడుగు రోడ్డులో కొత్తగా ఇంగ్లీషు మీడియం బడి పెడుతున్నారని తెలిసింది. పెట్టినాయన కోస్తా వైపు నుంచి వచ్చాడు. ఎండలో కూడా కోటు విప్పేవాడు కాదు. మన మాట వింటే పన్ను నొప్పి వచ్చినట్టు మొహం పెట్టేవాడు. ఆయన బోర్డు కోసం మా ఇంటికి వచ్చినప్పుడు నాయన చేతులు తుడుచుకుని, నన్ను ముందుకు తోసి, "సారూ, నాకు కూలి వొద్దు. మా పాపకు మీ బడిలో సీటియ్యండి సాలు" అన్నాడు. సారు నన్ను ఎగాదిగా చూశాడు. "ఏమయ్యా దస్తగిరీ, మీకు తెలుగే తిన్నగా పలకదు కదా. ఈ పిల్లకు ఇంగ్లీషు ఎలా అబ్బుతుందయ్యా?" అన్నాడు. నాయన తల దించుకున్నాడు గానీ వెనక్కి తగ్గలేదు. "నేను జన్మంతా బొమ్మలేస్తాండా సారూ. నేనేసింది ఏందో నాకు తెల్దు. ఇంట్లో ఒకరన్నా అది సదివి సెప్పాల" అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు అంతగా ఎక్కలేదు. సారు కోటు సర్దుకుని, "సరే, ముందు బోర్డు చూస్తాను. నచ్చితే సీటు సంగతి ఆలోచిద్దాం. తప్పొస్తే మాత్రం కూలీ లేదు, సీటూ లేదు" అని, జేబులోంచి చిన్న చీటీ తీసి, గోడకు ఆనించి రాసిచ్చి వెళ్ళిపోయాడు.

ఆ బడి పేరు ఇక్కడ చెప్పను. పైన చిన్న అక్షరాలతో ఉండే ఆ పేరుతో మనకు పని లేదు. కథంతా కింద పెద్ద అక్షరాలతో ఉన్న చివరి మాటతోనే: కాన్వెంట్. సారు చీటీ మరీ చిన్నదైపోయింది. సీ, ఓ, ఎన్ రాసేసరికి అంచు వచ్చేసింది. చదువుకున్నవాడు కాబట్టి పద్ధతిగా ఒక అడ్డగీత పెట్టి, మిగతా అక్షరాలు కింది వరుసలో రాశాడు. నాయనకు ఆ గీత కూడా ఒక అక్షరమే. రేకు పొడవు చాలినంత ఉంది కాబట్టి అన్నీ ఒకే వరుసలో పట్టించాడు. మధ్యలో గీతను మాత్రం మరచిపోలేదు. మూడు అక్షరాలు, గీత, నాలుగు అక్షరాలు. గీతకు పసుపు రంగు వేసి, దాని కింద నల్లటి నీడ కూడా తీర్చాడు. అంత అందమైన హైఫన్ను నేను ఇంగ్లీషు దొరల పుస్తకాల్లో కూడా ఎక్కడా చూడలేదు.

మా నాయన బోర్డులకు ఒక ఆచారం ఉండేది. ఇంట్లోంచి బయల్దేరిన బోర్డు మొహం ఎవరికీ కనిపించకూడదు. దిష్టి తగులుతుందని గుడ్డ కప్పి తీసుకుపోయి పైన బిగించేవాళ్ళు. జేజి గుమ్మడికాయ పగలగొట్టి, టెంకాయ కొట్టాకే గుడ్డ తీసేది. ఒకసారి టెంకాయ కొట్టిన బోర్డును మళ్ళీ కిందికి దించితే ఆ వ్యాపారం మూడు నెలల్లో మూలపడుతుందని ఊరంతా గట్టిగా నమ్మేది. మావి దూదేకుల ఇళ్ళు. పీర్లకు పాతెహా చదివిస్తాం, గండి ఆంజనేయస్వామికి టెంకాయ కొడతాం, ఎక్కడా మాకు అడ్డం అనిపించదు. జేజి అయితే టెంకాయ కొట్టే ముందు ఏ దేవుణ్ణీ వదలకుండా అందరి పేర్లూ గబగబా చదివేసేది.

బడి ప్రారంభం నాడు మామిడాకులు, షామియానా, మైకు, ఊళ్ళో పెద్దమనుషులు అందరూ వచ్చేశారు. నాయన నిచ్చెన ఎక్కి గుడ్డ కిందికి దూరి మేకులు బిగిస్తున్నాడు. కింద నిచ్చెన పట్టుకున్నది మా మామ పీరయ్య. అమ్మకు తమ్ముడు, పదో తరగతి ఇంగ్లీషులో తప్పీ తప్పీ చివరికి చదువు వదిలేసినవాడు. గాలికి గుడ్డ కొంచెం లేచింది. మామ పైకి చూశాడు. చూసి, "బావా, ఆ నడిమద్దె గీత యాల పెట్టినావు? అది ఒగటే మాట. పట్టకపోతేనే పెడతారు ఆ గీత" అన్నాడు మెల్లగా. నాయన మొహం సున్నం కొట్టినట్టు అయిపోయింది. నేను జేజి కొంగు పట్టుకుని పక్కనే ఉన్నాను. నాయన చేతిలోంచి సుత్తి జారి, మామ భుజానికి వెంట్రుకవాసిలో తప్పిపోయింది. "దించుదాం. సారుకు సెప్పి మల్లా రాసిస్తా" అన్నాడు. దించితే ముహూర్తం తప్పుతుంది, సారు మండిపడతాడు, నా సీటు గాల్లో కలిసిపోతుంది. ఆ సంగతి అక్కడున్న మా నలుగురికీ తెలుసు.

జేజికి అక్షరం ముక్క రాదు. ఆమె తల పైకెత్తి ఒక్కటే అడిగింది. "ఆ గీత బరువుకు బోర్డు కింద పడతాదా?"

"పడదు మా" అన్నాడు నాయన.

"మరి గమ్మునుండు. దిగు కిందికి."

కొంగు దోపుకుని నేరుగా జనం మధ్యలోకి పోయింది. "ఏమప్పా, ముహూర్తం దాటిపోతాంటే ఈడ ఊరికే నిలబన్యారేంది? సారూ, బిన్నా రాండి!" అని ఒక కేక పెట్టింది. సారు ఇంకా మైకు ముందు గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు. ఈలోగా గుమ్మడికాయ ఠప్పుమని పగిలింది. దేవుళ్ళ పేర్లన్నీ ఒక్క ఊపిరిలో అయిపోయాయి. టెంకాయ రెండు ముక్కలైంది, నీళ్ళు సారు కోటు మీద చిందాయి. ఆయన తుడుచుకుంటుంటే జేజి ఆయన చేతికే గుడ్డ తాడు అందించి, "లాగు నాయనా, నీ చేత్తోనే లాగు" అంది. ఆయన లాగాడు.

జనం చప్పట్లు కొట్టారు. సారు కొట్టలేదు. మెడ మీద నరాలు లేచాయి. నాయన వైపు తిరిగి ఏదో అనబోతుండగా, కొడుకును చేర్పించడానికి వచ్చిన వడ్ల మండీ శెట్టి ముందుకొచ్చి, "సారూ, అంతా బాగుండాది గానీ, నడిమద్దె ఆ గీత ఏందప్పా?" అని గట్టిగా అడిగాడు. అందరూ సారు వైపు చూశారు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. పాపం ఆయన ఏం చేస్తాడు! టెంకాయ కొట్టేశారు, బోర్డు దించడానికి లేదు. తప్పని ఒప్పుకుంటే, బోర్డు మీద పేరే తప్పు రాయించినవాడు మా పిల్లలకేం చెబుతాడని శెట్టి కొడుకును తీసుకుపోతాడు. సారు ఒక్క గుటక మింగి, "అది ఉచ్చారణ చిహ్నమండీ. లండనులో ఇప్పుడు ఇలాగే రాస్తున్నారు. కాన్ అని ఒక్క క్షణం ఆగాలి. ఆగి, వెంట్ అనాలి. తొందరపడకూడదు. అదే అసలైన ఇంగ్లీషు" అన్నాడు.

"అబ్బా! శానా ఇసయం ఉండాదే!" అన్నాడు శెట్టి. జేజి వెంటనే అందుకుంది. "ఇన్యారా? అది లండన్ గీత. మా వానికి ముందే తెలుసు" అంది. తర్వాత నన్ను లాక్కొచ్చి సారు ముందు నిలబెట్టి, అందరూ వినేటట్టు, "మా పాపను యా తరగతిలో కూసోబెడతావు సారూ?" అని అడిగింది. సారు నన్ను చూశాడు, బోర్డును చూశాడు, జేజిని చూశాడు. "ఒకటో తరగతి" అన్నాడు. మైకు ఆ మాటను కూడా రోడ్డు చివరిదాకా మోసింది.

ఆ తర్వాత మా ఊరికి పట్టిన పిచ్చి చెబితే మీరు నమ్మరు. లండన్ గీత లేకుండా బోర్డు రాయించుకునేవాడు అనాగరికుడైపోయాడు. బంగారు అంగళ్ళ వాళ్ళు జ్యు తర్వాత ఒక గీత, లర్స్ ముందు ఇంకో గీత పెట్టించుకున్నారు. ఒకాయన హోటల్ అన్న మాటకు మూడు గీతలు కావాలన్నాడు. ఎదుటి హోటలుకు రెండు ఉన్నాయట. సైకిలు షాపాయన ఏకంగా తన ఇంటిపేరునే రెండు ముక్కలు చేయించుకున్నాడు. నాయన అడిగినవాళ్ళకు అడిగినన్ని గీతలు పెట్టాడు. మేము బళ్ళో ప్రతి పొద్దునా ప్రార్థన అయ్యాక బడి పేరు చెప్పేవాళ్ళం. పిల్లలందరం కాన్ అని ఊపిరి బిగబట్టి, సారు చెయ్యి దించాక వెంట్ అని అరిచేవాళ్ళం. ఆ మధ్య నిశ్శబ్దంలో ఒకసారి రోడ్డు మీది గాడిద ఓండ్ర పెట్టింది. సారు తన నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయాడు.

సారుకు మాత్రం ఆ గీత కంట్లో నలుసే. ఎండాకాలం సెలవుల్లో చీకటిపడే వేళకు మా ఇంటికొచ్చి, మంచం అంచున కూర్చుని, "దస్తగిరీ, ఇప్పుడెవరూ చూడరు. ఆ గీత మెల్లగా తుడిచెయ్యవయ్యా" అని గొణిగేవాడు. నాయన మొహమాటపడి జేజి వైపు చూసేవాడు. జేజి ఆయనకు మజ్జిగ లోటా అందిస్తూ, "అట్లే సారూ, దానికేం బాగ్యం. మా పాప పదో తరగతి కానీ, ఆ పొద్దే తుడిపిస్తా" అనేది. గీత ఉన్నంత కాలం దాని గుట్టు మా చేతిలో ఉంటుంది కాబట్టి నన్ను బడి నుంచి తీసేయడం ఆయన వల్ల కాదని ఆమె లెక్క. సారు మజ్జిగ తాగి వెళ్ళగానే, నాయనను నిచ్చెన ఎక్కించి ఆ గీతకు ఇంకో పూత వేయించేది. ఏటేటా అక్షరాలు వెలిసిపోయేవి, గీత మాత్రం కొత్త పెళ్ళికూతురి మాదిరి మెరిసేది.

ఇంగ్లీషులో నేను నేర్చుకున్న వింతలన్నీ మొదట మా వంటింట్లో పంచాయితీకి వచ్చేవి. నైట్ అనే మాటలో జీ, హెచ్ అని రెండక్షరాలు పలకవని చెబితే జేజి మండిపడింది. "ఇద్దరు కూలోళ్ళు పని సెయ్యకుండా నడిమద్దె కూసోనుండారా? వాళ్ళకు రంగు దండగ!" అంది. నాయన నవ్వి, "మన కువైట్ సిన్నోని మాదిరి మా. రేషన్ కార్డులో పేరుండాది, మనిషి ఇంట్లో లేడు. పేరు కొట్టేస్తే బియ్యం తగ్గుతాయి గదా" అన్నాడు. కువైట్‌లో ఉన్నది మా చిన్నాయన. ఆ తర్వాత నేను టీచరునై, పలకని అక్షరాల పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకు ఈ మాటే చెప్పాను. లింగాల వైపు పల్లెల నుంచి వచ్చే పిల్లలు కూడా ఠక్కున పట్టుకునేవాళ్ళు. ఆ ఇళ్ళ కార్డుల్లోనూ కువైట్ పోయినవాళ్ళ పేర్లు ఉండేవి మరి.

హైఫన్ పాఠం సారే చెప్పాడు. వరుస చివర మాట పట్టకపోతే గీత పెట్టి కింది వరుసలోకి దించాలి అన్నాడు. నేను చెయ్యెత్తాను. ఆయన నన్ను చూడకుండానే, "మాబున్నీ, కూర్చో" అన్నాడు. కూర్చున్నాను గానీ, సాయంత్రం ఇంటికి పోయి నాయనతో చెప్పాను. ఆయన కుంచె కిరసనాయిల్లో ముంచి జాడించాడు. "పట్టకపోతే గదా పెట్టేది? నేను పట్టిచ్చినా గదమ్మా!" అన్నాడు. ఆ గొంతులో బాధ లేదు. మేస్త్రీ తను కట్టిన గోడను తట్టి చూసుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఆ ఆదివారమే నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని బజారంతా తిప్పాడు. తను రాసిన ప్రతి బోర్డు దగ్గరా కాలు ఆనించి, "ఇదేంది?" అని అడిగేవాడు. నేను చదివేదాన్ని. పళ్ళ డాక్టరని ఆయన ఇన్నాళ్ళూ అనుకున్నది పురుగుమందుల అంగడి అని తెలిసి, పగలబడి నవ్వాడు. "నేను ఈడికి పన్ను నొప్పికి ఒగర్ని పంపించినా" అన్నాడు. కాన్వెంటు దగ్గరికి వచ్చేసరికి సైకిలు దిగి నిలబడ్డాడు. ఆయన అడగక ముందే నేను చదివాను, బడిలో నేర్పినట్టే, మధ్యలో ఆగి. మళ్ళీ సదువు అన్నాడు. మళ్ళీ చదివాను. కండువాతో కళ్ళు తుడుచుకుని, రంగు పడింది అన్నాడు. ఆదివారం రంగెక్కడిది, అబద్ధం!

ఇప్పుడు ప్రొద్దుటూరులో దిగితే కుంచెతో రాసిన అక్షరం ఒక్కటి కూడా కనిపించదు. అన్నీ ఫ్లెక్సీలే, కంప్యూటరు అక్షరాలే. తప్పులు పోయాయా అంటే, ఎక్కడ పోతాయి! ఒకప్పుడు తెలియక తప్పు రాసేవాళ్ళు, ఇప్పుడు తెలిసి రాయిస్తున్నారు. సంఖ్యాశాస్త్రం ప్రకారం కలిసిరావాలని జ్యువెలర్స్‌లో ఇంకో ఎల్లు, సిల్క్స్‌లో ఇంకో ఎస్సు. బస్టాండు నుంచి ఆటోలో పోతూ టీచరు బుద్ధి ఊరుకోక వేలితో గాల్లో ఎర్ర సున్నాలు చుట్టుకుంటూ పోయాను. జేజి ఉంటే ఆ ఎక్కువ అక్షరాలకు రంగు కూలి ఎవరిచ్చారని అడిగేది. ఆమె పోయింది, నాయన పోయాడు. నేను పదో తరగతి దాటినా ఆ గీతను మాత్రం ఎవరూ తుడపలేదు. అప్పటికి సారుకే అది అలవాటైపోయింది.

ఆర్చీ దగ్గర బోర్డును కిందికి దించి గోడకు ఆనించి పెట్టారు. చెక్క చట్రం ఎప్పుడో చెదలు తినేసింది, మిగిలింది రేకు ఒక్కటే. అక్షరాలు దాదాపు వెలిసిపోయాయి. గీత మీద మాత్రం పూత మీద పూత పడి, చేత్తో తడిమితే వేలికి తగిలేంత ఎత్తుగా ఉంది. ఎంతసేపు తడిమానో తెలీదు. ఆటో నడిపినతను దిగివచ్చి బోర్డు చూసి, "కాన్" అని ఆగి, "వెంట్!" అన్నాడు. ఉలిక్కిపడ్డాను. "నేనూ ఈడనే సదివినా మేడమ్. ఇప్పటికీ నోరు అట్లనే తిరుగుతాది. మా పాప నగుతాది" అన్నాడు. నలభై దాటిన మనిషి, జుట్టు నెరుస్తోంది. ఇద్దరం కలిసి రేకును ఎత్తి ఆటోలో అడ్డంగా పెట్టాం. పట్టలేదు. నిలువుగా పెట్టాం. పైకప్పుకు తగిలింది. వాలుగా పెడితే సగం బయటికి వేలాడింది. చెమటలు పట్టాయి. అతను వెనక్కి జరిగి, తల గోక్కుని, బోర్డును ఒకసారి తేరిపారా చూశాడు.

"మేడమ్, ఈ గీత కాడ మడిస్తే సరిపోతాది. అక్షరాలకు ఏం కాదు" అన్నాడు.

నేను తల ఊపాను. అతను మోకాలు ఆనించి మెల్లగా వంచాడు. రేకు చిన్నగా మూలిగి, సరిగ్గా నాయన గీసిన చోటే ముడుచుకుంది. ఒక్క అక్షరం కూడా పెచ్చు రాలలేదు. ఆటోలో చక్కగా పట్టేసింది. ముందు సగం నా ఒళ్ళో, వెనక సగం నా పాదాల మీద.

అతను అద్దంలోంచి నా మొహం చూసి, "ఏంది మేడమ్, నగుతాండారా, ఏడుస్తాండారా?" అని అడిగాడు.

"పోనీప్పా" అన్నాను. గీత మీద చెయ్యి పెట్టుకుని, మెల్లగా, నాయనకు మాత్రమే వినిపించేటట్టు, "ఈసారి పట్టలేదు నాయనా" అన్నాను.